ఎద ఎప్పుడు మొదలైంది?

(మాంసపు పశువుల మందల్లో కృత్రిమ గర్భధారణకు సరైన సమయం గురించి, కొత్తగా గర్భధారణ పనిలోకి వస్తున్నవారి శిక్షణ శిబిరంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా గొంతు నిన్నటి నుంచి బాగోలేదు, గట్టిగా మాట్లాడలేను.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. పొద్దున 6 గంటలకు మందలోకి వెళ్లారు. ఒక ఆవు మీదికి ఇంకో ఆవు ఎక్కింది. కిందున్నది పారిపోలేదు, పక్కకు జరగలేదు. నిలబడి ఎక్కించుకుంది. దానికి సూది ఎప్పుడు వేస్తారు?

(సభలోంచి: "సాయంత్రం.")

అందరూ ఒకే గొంతుతో చెప్పారు. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మరి సాయంత్రమే ఎందుకు? మధ్యాహ్నం 12కే వేస్తే ఏం కొంప మునుగుతుంది? తీరిగ్గా మర్నాడు మధ్యాహ్నం వేస్తే?

(నిశ్శబ్దం.)

పర్వాలేదు. నేనూ పనిలో చేరిన మొదటి రెండు మూడేళ్లు కారణం తెలియకుండానే వేశాను. మంద యజమాని ఒకాయన ఇదే ప్రశ్న అడిగితే "పుస్తకంలో అలా ఉంది" అని చెప్పి బయటపడ్డాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సూత్రం లోపల ఒక గడియారం ఉంది. మీరు ఆవును చూసే వేళకే అది తిరగడం మొదలుపెట్టి ఎంతసేపైందో తెలియదు. మన పని సగం అక్కడే చిక్కుకుంటుంది. ఇంకో మాట, సూది అంటే ఇవాళ వీర్యం సూది. హార్మోన్లను ఇంజెక్షన్ అంటాను. రెండూ కలగాపులగం కాకుండా.

ముందు ఆవు వైపు లెక్క చూద్దాం. ఎద చక్రం సగటున 21 రోజులు. 17 నుంచి 24 లోపు ఎప్పుడొచ్చినా మామూలే. నిలబడి ఎక్కించుకునే కాలం యూరప్ జాతుల్లో 12 నుంచి 18 గంటలు. మూపురం జాతుల్లో, అంటే బ్రాహ్మన్, నెలోర్ లాంటివాటిలో ఇంకా తక్కువ. 10, 12 గంటల్లో అయిపోతుంది, అదీ చాలాసార్లు రాత్రిపూటే. మీరు పొద్దున వెళ్లేసరికి ఆవు ఏమీ ఎరగనట్టు పడుకుని నెమరేస్తూ ఉంటుంది.

అండం విడుదలయ్యేది ఎద మొదలైన 24 నుంచి 32 గంటలకు. లెక్క తేలిక కోసం 28 అనుకుందాం. అంటే ఆవు ఎక్కించుకోవడం మానేసి మేతలో పడిన 10, 14 గంటలకు గానీ అండం బయటికి రాదు. గుర్రం, పంది ఎదలో ఉండగానే అండం విడుదల చేస్తాయి. ఆవుకు ఎద ముగిశాక. అందుకే ఎద బాగా ముదిరినప్పుడు వేసేసి "మంచి వేడి మీద వేశాం" అని సంబరపడటంలో అర్థం లేదు. వేడికీ అండానికీ మధ్య ఇంకా ఒక పూట ఎడం ఉంది.

విడుదలైన అండం ఎక్కువసేపు ఆగదు. 6 నుంచి 12 గంటలు బాగుంటుంది. ఆ తర్వాత ఫలదీకరణ జరిగినా పిండం గట్టిగా నిలబడదు.

ఇక వీర్యకణాల వైపు. గర్భకోశంలో పడగానే అవి అండాన్ని ఛేదించలేవు. అండవాహిక దాకా చేరుకోవాలి, ఆ దారిలోని స్రావాల్లో కొంతసేపు నానాలి, అప్పుడే వాటికి ఆ శక్తి వస్తుంది. దీనికి 6 నుంచి 8 గంటలు పడుతుంది. గడ్డకట్టించి కరిగించిన వీర్యమైతే మొత్తంమీద ఒక రోజు, మహా అయితే ఇంకో నాలుగైదు గంటలు బతికి ఉంటుంది.

ఇప్పుడు బోర్డు మీద వేద్దాం. సాయంత్రం 6కి మందను చూశారు, ఏమీ లేదు. మర్నాడు పొద్దున 6కి చూస్తే ఈ ఆవు నిలబడింది. ఎద ఎప్పుడు మొదలైంది? నిన్న సాయంత్రం 6 దాటాక ఎప్పుడైనా మొదలై ఉండొచ్చు, మీరు గేటు తీసిన క్షణంలోనైనా మొదలై ఉండొచ్చు. 12 గంటల చీకటి. నిన్న సాయంత్రం మీరు వెనక్కి తిరగగానే మొదలైందనుకుంటే, 28 గంటల లెక్కన అండం ఇవాళ రాత్రి 10కి విడుదలవుతుంది. ఇప్పుడే మొదలైందనుకుంటే రేపు పొద్దున 10కి. మధ్యలో ఏ వేళకైనా కావచ్చు.

సాయంత్రం 6కి సూది వేశారు. వీర్యకణాలు అర్ధరాత్రికి, లేదా 2 గంటలకు సిద్ధమవుతాయి. రేపు సాయంత్రం దాకా బతికి ఉంటాయి. రాత్రి 10కే అండం వచ్చేసిందా? రెండు మూడు గంటలు, మహా అయితే నాలుగు గంటలు ఎదురు చూస్తుంది, నష్టం లేదు. రేపు పొద్దున 10కి వచ్చిందా? వీర్యకణాలు అప్పటికి 16 గంటల వయసువి, ఇంకా ఓపికతోనే ఉంటాయి. ఎటు చూసినా దొరుకుతుంది. సాయంత్రం అనే జవాబు అందుకే పనిచేస్తుంది. మన అజ్ఞానం 12 గంటలు, దాన్ని మింగేసేంత వెడల్పు ఆ వేళకు ఉంది.

అదే మధ్యాహ్నం 12కి వేశారనుకోండి, ఎద పొద్దున 6కే మొదలైంది. అండం వచ్చేసరికి వీర్యానికి 22 గంటలు. చాలా కణాలు అలిసిపోయి ఉంటాయి. మర్నాడు మధ్యాహ్నం వేస్తే, ఎద నిన్న సాయంత్రమే మొదలైన ఆవులో అండం అప్పటికే 14 గంటల పాతది. వీర్యకణాలు సిద్ధమయ్యేసరికి 20 దాటుతుంది. అంతే సంగతులు.

ఇక్కడో చిన్న చరిత్ర. ఈ పొద్దున-సాయంత్రం సూత్రానికి ఆధారం అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ అనే శాస్త్రవేత్త చేసిన పని. 1948లో ప్రచురించాడు. పెద్దపేగు గుండా చెయ్యి పెట్టి అండాశయాన్ని తడిమి, అండం ఎప్పుడు విడుదలైందో పట్టుకుంటూ లెక్క కట్టాడు. స్కానింగులు లేని కాలం. ఇప్పుడు తేదీ గమనించండి. గ్లిసరాల్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టించినా బతుకుతాయని పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టింది 1949లో. అంటే మనం కంఠస్థం చేసిన సూత్రం తాజా వీర్యం మీద పుట్టింది. తాజా వీర్యం ఆయుష్షు ఎక్కువ. అందుకే గడ్డకట్టించిన స్ట్రాతో, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టంతో, పనిచేసేటప్పుడు, ముందు వేయాలా కాస్త ఆలస్యంగా వేయాలా అని సందేహం వస్తే నేను కాస్త ఆలస్యం వైపే మొగ్గుతాను. ఇది నా అలవాటు, ఒప్పుకోని డాక్టర్లు కూడా ఉన్నారు.

కానీ మరీ ఆలస్యం పనికిరాదు. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో సాకీ అనే ఆయన ఏళ్ల తరబడి ఈ సంగతే తవ్వాడు. తొందరగా వేస్తే, నిలిచిన పిండాలు నాణ్యంగా ఉంటాయి గానీ ఫలదీకరణ జరిగే అండాలే తక్కువ. ఆలస్యంగా వేస్తే ఫలదీకరణ ఎక్కువే, కానీ ముసలి అండం వల్ల పిండాలు బలహీనం. ఈ రెండు నష్టాలూ సరితూగే చోటు ఎద మొదలైన 12 గంటల దగ్గర. అంటే మనం వెతుకుతున్నది రాజీ కుదిరే వేళ. నష్టమే లేని వేళంటూ ఏదీ లేదు.

సరే, లెక్క బాగానే ఉంది. ఇప్పుడు అసలు తలనొప్పి. మొదలైన వేళ తెలిస్తే కదా లెక్క!

పాల మందలో మనిషి రోజుకు రెండుసార్లు ప్రతి ఆవు పొదుగు దగ్గర కూర్చుంటాడు. మాంసపు మందలో ఆ అదృష్టం లేదు. ఆవులు పచ్చిక మైదానంలో ఎక్కడో ఉంటాయి, పక్కన దూడలు, మధ్యలో గట్లు, చెట్లు. వారానికోసారి కూడా మనిషిని దగ్గరగా చూడని ఆవులుంటాయి. మీరు వెళ్తే ఎద సంగతి పక్కనపెట్టి మిమ్మల్నే చూస్తాయి. అందుకని కాస్త దూరంగా, నిశ్శబ్దంగా నిలబడాలి. తెల్లవారు వేళ, పొద్దుగూకే వేళ కనీసం అరగంట చొప్పున. మేత వేసేటప్పుడు చూడొద్దు, ఆ పూట వాటి ధ్యాసంతా మేత మీదే ఉంటుంది.

ఏం చూడాలి? నిలబడటం. అదొక్కటే పక్కా గుర్తు. ఎక్కడం అనేది రెండు మూడు సెకన్లు, మహా అయితే ఆరేడు. కళ్లు తిప్పితే అయిపోతుంది. మానం ఉబ్బడం, గాజులా పారదర్శకమైన జిగురు తీగలు వేలాడటం, అరుపులు, మేత మానడం, ఒకదాని తుంటి మీద ఇంకొకటి గడ్డం ఆనించడం, ఇవన్నీ పక్క వాయిద్యాలు. వీటిని చూసి ఆవు నంబరు రాసుకోండి, తర్వాతి పూట దాని మీద ఓ కన్నేసి ఉంచండి. అంతేగానీ వీటిని చూసి సూది వేయకండి.

నా తొలి రోజుల్లో జరిగింది చెబుతాను. పొద్దున్నే వెళ్తే అయిదారు ఆవులు గుంపుగా ఒక దాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. అందులో ఒక ఎర్రావు, పొడుగుది, కనబడ్డ ప్రతిదాని మీదికీ ఎక్కుతోంది. ఇంత హుషారుగా ఉంది కదా, ఎదలో ఉన్నది ఇదే అనుకున్నాను. నంబరు రాసుకుని సాయంత్రం సూది వేశాను. చాలా తృప్తిగా ఇంటికెళ్లాను. మర్నాడు సాయంత్రం ఇంకో ఆవు కోసం వెళ్తే, అదే ఎర్రావు, తోక కాస్త పక్కకు పెట్టి, నాలుగు కాళ్లూ భూమిలో పాతుకున్నట్టు నిలబడి ఎక్కించుకుంటోంది. నాకు చెమట పట్టింది. దానికి ఎద అసలు అప్పుడు మొదలైంది! నేను వేసిన వీర్యానికి అప్పటికే 24 గంటలు, అండం రావడానికి ఇంకో రోజు పైన ఉంది. పైకెక్కేది ఎదకు రాబోతున్నదై ఉండొచ్చు, ఎద దాటిపోయినదై ఉండొచ్చు, ఎదలో ఉన్నదే అయి ఉండొచ్చు. కింద నిలబడ్డదాని నంబరు రాసుకోవాలి. ఈ మాట చెప్పడం తేలిక, మందలో నిలబడితే మాత్రం కళ్లు పైనున్న దాని మీదికే పోతాయి.

కంటికి సాయం కోసం కొన్ని ఉన్నాయి. తోక మొదట్లో, వెన్నెముక మీద అంటించే పట్టీలు. గీకితే రంగు బయటపడే లాటరీ టికెట్ లాంటివి. పైకెక్కిన ఆవు బరువుకు పైపొర గీసుకుపోయి లోపలి రంగు కనబడుతుంది. సగానికి పైగా గీసుకుపోతే ఎదకు వచ్చినట్టే లెక్క. ఒక మూల కాస్త గీసుకుంటే అది చెట్టుకు రుద్దుకున్నదీ కావచ్చు. పట్టీ అంటించే ముందు అక్కడి దుమ్ము, ఊడిపోయే వెంట్రుకలు దువ్వి తీసేయండి, తడి చర్మం మీద అంటించకండి. తోక రంగు పూసే పద్ధతి కూడా ఇలాంటిదే, ఇంకా చవక. వీర్యనాళం కత్తిరించిన ఆబోతుకు గడ్డం కింద రంగు బంతి కట్టి వదిలే పద్ధతీ ఉంది. అది మీకంటే, నాకంటే బాగా ఎదను పసిగడుతుంది, జీతం అడగదు. (నవ్వులు.) కాకపోతే అది నిజంగానే దాటుతుంది కాబట్టి రోగాలు అంటించే ప్రమాదం ఉంది, ముందే పరీక్షలు చేయించాలి. మెడ పట్టీలు, చెవి సెన్సర్లు వచ్చాయి, ఆవు ఎంత తిరుగుతోందో, ఎంత నెమరేస్తోందో రాత్రీ పగలూ లెక్కపెడతాయి. వాటితో చీకటి గంటల సమస్య చాలావరకు తీరుతుంది. కానీ తోక మొదట్లో అంటించే పట్టీ అయితే ఎద జరిగిందని మాత్రమే చెబుతుంది, ఏ గంటకో చెప్పదు. ఈ తేడా మర్చిపోకండి.

ఇన్ని తిప్పలు ఎందుకు, గడియారాన్ని మనమే తిప్పుదాం అన్న ఆలోచన నుంచి వచ్చింది నిర్ణీత సమయ గర్భధారణ. 1995లో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ఓవ్‌సింక్ పద్ధతిని ప్రచురించారు. ఎద చూడకుండానే, చెప్పిన గంటకు మందంతటికీ సూది వేయొచ్చని దాంతో రుజువైంది. మాంసపు మందల కోసం దాన్ని కుదించారు, ఎందుకంటే ఇక్కడ ఆవును ప్రతిసారీ తోలుకొచ్చి కదలకుండా నిలబెట్టే చట్రంలో, అంటే ట్రెవిస్‌లో బిగించడమే పెద్ద యజ్ఞం.

ఇందులో బాగా వాడుకలో ఉన్నది 7 రోజుల కో-సింక్, సిడర్ అనే పద్ధతి. మొదటి రోజు జీఎన్ఆర్‌హెచ్ (అండాన్ని విడుదల చేయించే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి, యోనిలో సిడర్ అనే చిన్న పరికరం పెడతారు, అందులో ఎదను ఆపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఉంటుంది. ఇంజెక్షన్‌తో పెద్ద అండపుటిక (అండం పెరిగే నీటి సంచి) పగిలి అండం విడుదలై, కొత్త పుటికల జట్టు ఒకేసారి పెరగడం మొదలుపెడుతుంది. సిడర్ వాటిని విడుదల కాకుండా ఆపి ఉంచుతుంది. ఏడు రోజులయ్యాక సిడర్ తీసేసి ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ ఇస్తారు, అండాశయంలోని కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట ఏర్పడి ఎదను ఆపి ఉంచే గడ్డ) కరిగిపోతుంది. అక్కడి నుంచి ఆవుల్లో 60 నుంచి 66 గంటలకు సూది, అదే సమయంలో రెండో జీఎన్ఆర్‌హెచ్. పెయ్యలకైతే 54 గంటలు, రెండు గంటలు అటూ ఇటూ. పెయ్యలు ఇంజెక్షన్ తర్వాత ఆవులకంటే తొందరగా ఎదకొస్తాయి కాబట్టి. ఆవులూ పెయ్యలూ కలిసిన మందను "ఒకేసారి అవగొట్టేద్దాం" అని ఒకే గంటకు పెట్టుకుంటే ఎవరో ఒకరు నష్టపోతారు.

ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే ఇస్తే చాలదా అని అడుగుతుంటారు. ఎద తర్వాత మొదటి 5 రోజుల్లో కార్పస్ లూటియం దానికి లొంగదు. మందలో కొన్ని ఆవులు ఎప్పుడూ ఆ 5 రోజుల్లోనే ఉంటాయి. పైగా ఒక్కొక్కదాని పుటిక ఒక్కో వయసులో ఉంటుంది కాబట్టి ఎద రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా చెల్లాచెదురుగా వస్తుంది. దానికి ఎద చూసి సూది వేయడమే సరి.

ఇప్పుడు మన గడియారం దగ్గరికి మళ్లీ రండి. 66 గంటలు అనేది మంద సగటు. మందలో సగటు ఆవు అంటూ ఏదీ ఉండదు. 66వ గంటకు కొన్ని ఆవులు ఎదకొచ్చి 12 గంటలైంది, వాటికిది చక్కటి వేళ. కొన్ని ఇంకా ఎదకే రాలేదు. వాటికి సూదితో పాటు ఇచ్చిన జీఎన్ఆర్‌హెచ్ వల్ల అండం 28 గంటల తర్వాత విడుదలవుతుంది. అప్పటికి వీర్యం ఆయుష్షు చివరికొచ్చేసింది. ఎదకు రాని ఆవుల్లో చూడి శాతం తక్కువగా ఉండటానికి ఇదొక కారణం. ఆ ఆవు పుటిక సరిగా పండకపోవడం ఇంకో కారణం.

దీనికి మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన ఉపాయం నాకు చాలా నచ్చింది. 66వ గంటకు పట్టీలు చూడండి. సగం పైగా గీసుకుపోయినవాటికి ఇప్పుడే వేయండి. గీసుకోని వాటిని ఇంకో 20, 24 గంటలు ఆపి వేయండి. విభజించిన సమయం అన్నమాట. ఆ ఒక్క రోజులో ఇంకొన్ని ఆవులు తమంతట తాము ఎదకు వస్తాయి. ట్రెవిస్ దగ్గరికి రెండోసారి తోలాలి, నిజమే, మనుషులకు విసుగు. కానీ ఖరీదైన వీర్యం వాడుతున్నప్పుడు ఆ విసుగు భరించొచ్చు. బ్రెజిల్‌లోని నెలోర్ మందల్లో ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ వాడి 48 గంటలకు వేసే పద్ధతులు చాలా పెద్ద ఎత్తున నడుస్తున్నాయి, ఎద తక్కువసేపు ఉండే జాతులకు నిర్ణీత సమయం ఎంత ఉపయోగమో అక్కడ చూడాలి. అయితే ఈస్ట్రడయాల్‌కు అన్ని దేశాల్లో అనుమతి లేదు. యూరప్ సమాఖ్యలో నిషేధం.

ఇంజెక్షన్ల గురించి ఒక్క మాట. గంటలు రాసి పెట్టుకోండి. "మంగళవారం మధ్యాహ్నం" అని రాయకండి, "1:40 నుంచి 3:15" అని రాయండి. వంద ఆవులకు ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వడానికి ఒక గంటన్నర పడితే, సూదులు కూడా అదే వరసలో మొదలుపెట్టాలి. ఇంకో జాగ్రత్త, ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ సీసా జోలికే పోకూడదు. మిగతావాళ్లు గ్లోవ్స్ వేసుకోండి.

చూడి కట్టే స్థితిలో లేని ఆవుకు ఏ గడియారమూ పనిచేయదు. మాంసపు ఆవు దూడను రోజంతా వెంటేసుకుని పాలిస్తుంది, ఆ చీకుడే ఎదను వెనక్కి తోస్తుంది. ఈని 45 రోజులైనా కాకముందే, ఎముకలు కనబడుతున్న ఆవును తెచ్చి సిడర్ పెట్టమంటే నేను ఒప్పుకోను. ఒంటి పుష్టిని కొలిచే 9 అంకెల స్కోరులో ఈనేటప్పటికి 5 ఉండాలి, తొలిచూలు వాటికి 6. పెయ్యకు పెద్దయ్యాక ఉండే బరువులో 60, 65 శాతం రావాలి. మేత సంగతి రేపు ఇంకొకరు చెబుతారు, ఇంతటితో వదిలేస్తున్నాను.

వీర్యం సంగతి మధ్యాహ్నం చేతులతో చేయిస్తాను. ఇప్పుడు ఒక్కటే చెబుతాను. కంటైనర్‌లో ఉన్నది మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్. స్ట్రాలు ఉన్న గోబ్లెట్‌ను, అంటే చిన్న గిన్నెను, కంటైనర్ మెడ దాటి పైకి ఎత్తి, వెతుక్కుంటూ, పక్కవాడితో మాట్లాడుతూ నిలబడ్డారంటే, ఆ స్ట్రాలే కాదు, పక్కనున్నవీ పాడవుతాయి. బయటికి పాడైనట్టు కనబడదు. మూడు వారాల తర్వాత ఆవు తిరిగి పొర్లినప్పుడు, అంటే మళ్లీ ఎదకొచ్చినప్పుడు, "సమయం తప్పింది" అనుకుంటాం. స్ట్రాను 35, 37 డిగ్రీల నీళ్లలో 30 నుంచి 45 సెకన్లు కరిగించడం, తుడవడం, సూది వేసే గన్‌లోకి ఎక్కించడం, 10, 15 నిమిషాల్లో ఆవులోకి. నాలుగు ఆవులు బిగించి ఉంటే నాలుగు స్ట్రాలు ఒకేసారి కరిగించడం నేర్పు అనుకోకండి, నాలుగోది చేరేసరికి మీ చెయ్యి ఎంత తొందరగా ఆడుతుందో ముందు చూసుకోండి.

చెయ్యి లోపల పెట్టినప్పుడు గర్భకోశం కూడా సమయం చెబుతుంది. ఎదలో ఉంటే అది బిగుసుకుని, చుట్టుకుని, తడిమితే వేళ్లకు ఎదురు తిరుగుతున్నట్టు ఉంటుంది. మెత్తగా, జారిపోయే గుడ్డలా ఉంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అండాశయం మీద గట్టిగా నొక్కి పుటికను చిదమకండి. గన్ కొన గర్భాశయ ముఖద్వారంలోని మూడు నాలుగు ఉంగరాలు దాటి, గర్భకోశం మొదట్లో ఆగాలి. అక్కడ, మెల్లగా, అయిదు సెకన్లు లెక్కపెడుతూ వదలండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మేడమ్, డౌటుగా ఉన్నప్పుడు ఒకే ఎదలో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేస్తే?)

రెండు స్ట్రాలు ఖర్చవుతాయి బాబూ, ఫలితం మాత్రం రెట్టింపు కాదు. సరైన వేళకు వేసిన ఒక్కటి చాలు. ఒక సందర్భంలో మాత్రం మళ్లీ వేస్తాను. వేసిన 24 గంటల తర్వాత కూడా ఆవు ఇంకా నిలబడి ఎక్కించుకుంటుంటే, మొదటి లెక్క తప్పిందన్నమాట.

(ప్రశ్న: లింగ నిర్ధారిత వీర్యానికి, అంటే ఆడ దూడో మగ దూడో ముందే ఎంచుకునే వీర్యానికి కూడా ఇదే టైమా?)

కాదు. మామూలు స్ట్రాలో సుమారు 2 కోట్ల కణాలు వేస్తే, లింగ నిర్ధారిత స్ట్రాలో 20 నుంచి 40 లక్షలే ఉంటాయి. పైగా వేరు చేసే యంత్రంలో నలిగి వస్తాయి, ఆయుష్షు తక్కువ. అందుకని అండానికి ఇంకా దగ్గరగా, ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య వేస్తే మంచిది. ఎదకు కచ్చితంగా వచ్చిన ఆవులకే వాడండి. పట్టీ గీసుకోని ఆవుకు ఆ ఖరీదైన స్ట్రా పెట్టకండి.

(ప్రశ్న: సూది వేశాక ఆవుల్ని వేరే మైదానానికి లారీలో తోలొచ్చా?)

మొదటి నాలుగు రోజుల్లో తోలేయండి, లేదంటే ఆరు వారాలు ఆగండి. అయిదో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా పిండం గర్భకోశంలోకి దిగడం, తల్లికి తన ఉనికి తెలియజేయడం, అతుక్కోవడం జరుగుతుంటాయి. ఆ రోజుల్లో ఎండలో లారీ ప్రయాణం పెట్టి, తర్వాత సూది వేసినవాళ్లని తిట్టకూడదు.

(ప్రశ్న: మిగిలిన ఆవుల కోసం ఆబోతును ఎప్పుడు వదలాలి?)

10 నుంచి 14 రోజులు ఆగి వదలండి. ఈతకు సుమారు 283 రోజులు కదా, ఆ ఎడం ఉంటే దూడ పుట్టిన తేదీని బట్టి అది సూది దూడో ఆబోతు దూడో చాలావరకు తెలుస్తుంది.

(ప్రశ్న: మేడమ్, సూది వేసిన రెండో రోజు మానం దగ్గర రక్తం కనబడింది. నా చేతివల్ల ఏమైనా దెబ్బ తగిలిందా అని టెన్షన్ పడ్డాను.)

మంచి ప్రశ్న అమ్మా. చాలామంది భయపడతారు. ఎద ముగిసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కొన్ని ఆవుల్లో, ముఖ్యంగా పెయ్యల్లో, అలా కొంచెం రక్తం కలిసిన తీగ పడుతుంది. చూడి కట్టిందని కాదు, కట్టలేదనీ కాదు. ఎద అయిపోయిందని మాత్రం ఖాయం. ఒకవేళ సూది వేయని ఆవులో ఆ రక్తం కనబడితే, ఎద మీ కళ్లు గప్పి దాటిపోయిందన్నమాట. అప్పుడు సూది వేయకండి, అండం ఎప్పుడో పోయింది. ఆ తేదీ, ఆవు నంబరు రాసుకోండి. అక్కడి నుంచి 17, 18 రోజులు లెక్కపెట్టి, ఆ రోజు పొద్దున్నే, గేటు చప్పుడు కాకుండా తీసి వెళ్లండి.